డొమైన్ రెన్యువల్ ధరలకు అడ్డూ అదుపూ ఉందా? డాట్ కామ్, డాట్ ఇన్, డాట్ ఆర్గ్ గురించి

మారతహళ్ళి వెబ్‌పని

అందరికీ నమస్తే. మారతహళ్ళి, కుందలహళ్ళి వైపు మన తెలుగువాళ్ళ మెస్సులు, పీజీలు, ఒక డ్యాన్స్ స్కూలు, ఒక సేవా ట్రస్టు వెబ్‌సైట్లు నా చేతిలో ఉన్నాయి. మొత్తం 12 డొమైన్లు. ఆరు డాట్ కామ్, నాలుగు డాట్ ఇన్, ట్రస్టుది డాట్ ఆర్గ్, డ్యాన్స్ స్కూలుది ఈమధ్య వచ్చిన కొత్తరకం ఎక్స్‌టెన్షన్.

డాట్ కామ్ మొదటి ఏడాది ₹149. ఇప్పుడు రెన్యువల్ ₹1,599, దానిమీద జీఎస్టీ. కార్టు తెరిస్తే ప్రైవసీ (యజమాని వివరాలు బయటికి కనబడకుండా దాచే సేవ) పేరుతో ఇంకో ₹499 అడగకుండానే చేరి ఉంది. డ్యాన్స్ స్కూలు డొమైన్ పోయినేడు ₹2,100 ఉంటే ఈసారి ₹3,400 చూపిస్తోంది. అన్నింటికీ గడువు 38 రోజుల్లో. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం.

గ్యాస్ బండకి, ఆటో మీటరుకి, మందులకి ధర కట్టడి ఉంది కదా, దీనికి ఎందుకు లేదు? ఉంటే ఎవరు చూస్తారు, ఎక్కడ ఫిర్యాదు చేయాలి? ఈ 38 రోజుల్లో చేయగలిగింది ఏమిటి?

రాజాజీనగర్ రూట్‌జోన్

మీ బిల్లులో రెండు ధరలు కలిసిపోయి ఉన్నాయి, ముందు వాటిని విడదీయాలి. ఒకటి రిజిస్ట్రీ, అంటే ఒక ఎక్స్‌టెన్షన్‌లోని పేర్లన్నీ నమోదుచేసే సంస్థ, తీసుకునే టోకు ధర. డాట్ కామ్‌కి వెరిసైన్, డాట్ ఆర్గ్‌కి పబ్లిక్ ఇంటరెస్ట్ రిజిస్ట్రీ, డాట్ ఇన్‌కి ఢిల్లీలో ఉన్న నిక్సీ. రెండోది మీకు బిల్లు ఇచ్చే రిజిస్ట్రార్ చిల్లర ధర. ఈ చిల్లర ధర ఇంత దాటకూడదని చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. ప్రపంచమంతటి డొమైన్ పేర్ల వ్యవస్థని చూసే ఐకాన్ చెప్పదు, మన ట్రాయ్ చెప్పదు. ఉన్న కట్టడి అంతా టోకు ధర మీదే, అదీ కొన్ని ఎక్స్‌టెన్షన్లకే.

డాట్ కామ్ టోకు ధరని కట్టేసింది అమెరికా వాణిజ్య శాఖకీ వెరిసైన్‌కీ మధ్య ఉన్న ఒప్పందం. 2012లో దాన్ని 7.85 డాలర్ల దగ్గర ఆపేశారు. 2018లో ఆ బిగింపు సడలించి, ప్రతి ఆరేళ్ళ కాలంలో చివరి నాలుగేళ్ళు ఏడాదికి 7 శాతం వరకు పెంచుకోవచ్చన్నారు. ఐకాన్ కూడా 2020లో తన ఒప్పందాన్ని దానికి తగ్గట్టు మార్చింది. ఆ తర్వాత వరసగా నాలుగు సెప్టెంబర్లలో పెరిగింది: 2021లో 8.39, 2022లో 8.97, 2023లో 9.59, 2024లో 10.26 డాలర్లు. నాలుగుసార్లూ దాదాపు పూర్తి 7 శాతం. వీలున్న కాడికి పెంచారన్నమాట. 2024 అక్టోబర్ 26 నుంచి రెండేళ్ళు పెంచకూడదు. 2026 అక్టోబర్ 26తో ఆ గడువు తీరుతుంది, అక్కణ్నుంచి మళ్ళీ నాలుగేళ్ళు పెంచే హక్కు ఉంది. నాలుగుసార్లూ పూర్తిగా వాడుకుంటే 13.40 డాలర్లు దాటుతుంది.

ఇప్పుడు మీ బిల్లు చూద్దాం. 10.26కి ఐకాన్ రుసుము 20 సెంట్లు కలపండి (2025 జూలై వరకు 18 సెంట్లు ఉండేది). 10.46 డాలర్లు. లెక్క కోసం డాలరు 88 రూపాయలు అనుకుంటే ₹920. జీఎస్టీ 18 శాతం కలిపితే ₹1,086. ఏ రిజిస్ట్రార్‌కైనా డాట్ కామ్ ఇంతకన్నా తక్కువలో గిట్టదు. అంటే మీకు ₹149కి ఇచ్చినవాళ్ళు మొదటి ఏడాది ఒక్కో డొమైన్ మీద ₹770 దాకా సొంత డబ్బు పెట్టారు. ఆ సొమ్ము రెన్యువల్‌లో రాబట్టుకుంటున్నారు. మీ ₹1,599 జీఎస్టీతో ₹1,887 అవుతుంది. అసలు ఖర్చు మీద ₹800 అదనం. ఈ ₹800కి అదుపు లేదు గానీ దాన్ని తప్పించుకునే దారి మీ చేతిలోనే ఉంది. డొమైన్‌ని వేరే రిజిస్ట్రార్‌కి మార్చుకోవడమే.

డాట్ నెట్ కూడా వెరిసైన్‌దే, దానికి ఏడాదికి 10 శాతం పరిమితి. మీ ట్రస్టు డాట్ ఆర్గ్ సంగతి వేరు. దానికీ ఒకప్పుడు 10 శాతం పరిమితి ఉండేది. 2019 జూన్ 30న ఐకాన్ దాన్ని తీసేసింది. జనం అభిప్రాయం అడిగితే మూడు వేలకు పైగా వ్యాఖ్యలు వచ్చాయి, దాదాపు అన్నీ వద్దన్నవే, అయినా తీసేసింది. ఐదు నెలలు తిరక్కుండానే ఆ రిజిస్ట్రీని ఈథోస్ క్యాపిటల్ అనే పెట్టుబడి సంస్థకి 113.5 కోట్ల డాలర్లకు అమ్మే ప్రయత్నం బయటపడింది. పరిమితి పోయిన ఆస్తికి ఎంత గిరాకీ వస్తుందో చూడండి. 2020 ఏప్రిల్ 30న ఐకాన్ ఆ అమ్మకానికి ఒప్పుకోలేదు. రిజిస్ట్రీ లాభాపేక్ష లేని ఇంటర్నెట్ సొసైటీ కిందే ఉండిపోయింది. తీసేసిన పరిమితి మాత్రం తిరిగి రాలేదు.

డ్యాన్స్ స్కూలుది కొత్తరకం ఎక్స్‌టెన్షన్ కాబట్టి ఏ పరిమితీ లేదు. 2017లో డాట్ హోస్టింగ్, డాట్ జ్యుగోస్ లాంటివి ఒక్క దెబ్బకి ఏడాదికి 300 డాలర్ల స్థాయికి వెళ్ళాయి, అంతా ఒప్పందం ప్రకారమే. అక్కడ మీకున్న రక్షణలు రెండే. రెన్యువల్ ధర పెంచాలంటే రిజిస్ట్రీ 180 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ లోపల పాత ధరకే పదేళ్ళ దాకా రెన్యువల్ చేయనివ్వాలి. అయితే ఆ నోటీసు వెళ్ళేది రిజిస్ట్రార్‌కి. మీకు చెప్పాలన్న నియమం లేదు. చాలామంది ఆరు నెలల అవకాశాన్ని తెలియకుండానే పోగొట్టుకునేది ఇందువల్లే. ₹2,100 నుంచి ₹3,400కి పెంచింది రిజిస్ట్రీయా, మీ రిజిస్ట్రారా? మరో నాలుగు రిజిస్ట్రార్ల దగ్గర అదే ఎక్స్‌టెన్షన్ రెన్యువల్ ధర చూడండి. అందరి దగ్గరా పెరిగి ఉంటే రిజిస్ట్రీ పని. ఒక్క చోటే పెరిగితే ఆ ఒక్కరి పని.

ఇంకొకటి: ఒకే ఎక్స్‌టెన్షన్‌లో బాగా నడుస్తున్న సైటుని చూసి దానికి మాత్రం రెన్యువల్ పెంచడం కుదరదు. కొన్ననాడే ఇది ప్రీమియం పేరు, రెన్యువల్ ఇంత అని చెప్పి మీతో ఒప్పించుకుంటే తప్ప అందరికీ ఒకే ధర ఉండాలి. కొన్నప్పటి బిల్లులో ప్రీమియం అన్న మాట ఉందేమో వెతకండి.

డాట్ ఇన్ మీద ఐకాన్ ఒప్పందాలు పనిచేయవు, అది దేశం కోడ్. ధర నిక్సీ నిర్ణయిస్తుంది, నిక్సీ కేంద్ర ఐటీ మంత్రిత్వ శాఖ కింద ఉన్న లాభాపేక్ష లేని కంపెనీ. డాట్ ఇన్‌లో ప్రైవసీ సేవకి అనుమతే లేదు. మీ కార్టులో ఆ ₹499 డాట్ ఇన్ పేర్ల పక్కన కూడా ఉంటే, ఇవ్వలేని సేవకి డబ్బు అడుగుతున్నట్టే.

హెచ్ఎస్ఆర్ శెట్టి

రూట్‌జోన్ గారు చెప్పిన అంకెల్లో తప్పేమీ లేదు. కానీ ధర కట్టడి మంచిదే అని ముందే అనేసుకోవడం నాకు నచ్చలేదు. వెయ్యికి పైగా ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయి. ఒకరు పెంచితే ఇంకొకటి తీసుకోవచ్చు. పైగా డాట్ కామ్‌ని చవగ్గా ఉంచడం వల్ల లాభపడేది మెస్సు నడిపేవాళ్ళు కాదు, వేలకొద్దీ పేర్లు పట్టుకుని కూర్చునే డొమైన్ వ్యాపారులు. టోకు ధర 7 శాతం పెరిగితే మెస్సుకి ఏడాదికి 60 రూపాయల తేడా. పదివేల పేర్లు దాచుకున్నవాడికి 6 లక్షలు. కట్టడి చేసి కాపాడుతున్నది ఎవరిని?

రాజాజీనగర్ రూట్‌జోన్

శెట్టి గారూ, పేర్లు దాచుకునేవాళ్ళ గురించి మీరన్నది నిజమే, చవక ధర వాళ్ళకి కలిసొస్తుంది. కానీ పోటీ అన్నారే, ఆ పోటీ ఉండేది పేరు కొనేనాడు. కొన్నాక ఉండదు.

ఒక మెస్సు తీసుకోండి. డొమైన్ బోర్డు మీద రాయించారు, పార్సిల్ కవర్ల మీద అచ్చు వేయించారు, గూగుల్ మ్యాప్స్‌లో పెట్టారు. బ్యాంకు, జీఎస్టీ పోర్టల్, సరుకులు ఇచ్చేవాళ్ళు అందరి దగ్గరా ఆ డొమైన్ మెయిలే ఉంది. ఇంకో ఎక్స్‌టెన్షన్‌కి మారితే ఇవన్నీ మార్చాలి. అంతటితో అయిపోదు, పాత పేరు వదిలేస్తే వేరేవాళ్ళు కొనుక్కుని పాత మెయిళ్ళు అందుకోవచ్చు, ఆ మెయిల్‌తో పాస్‌వర్డులు మార్చుకోవచ్చు. అందుకని పాతదానికీ ఏటా కడుతూనే ఉండాలి. అద్దె పెంచితే ఇల్లు ఖాళీ చేయొచ్చు. ఇక్కడ ఖాళీ చేసినా అద్దె కట్టాల్సిందే. ఇలాంటి చోట టోకు ధర మీద పరిమితి ఉండి తీరాలని నా గట్టి అభిప్రాయం.

రెండో కారణం, వెరిసైన్ ఒప్పందం గడువు తీరినప్పుడు టెండరు పిలవరు. పెద్ద తప్పు చేస్తే తప్ప మళ్ళీ వాళ్ళకే దక్కేలా షరతు రాసి ఉంది. 2024 నవంబరులో సెనేటర్ ఎలిజబెత్ వారెన్, ప్రతినిధుల సభ సభ్యుడు జెరీ నాడ్లర్ దీనిమీద అమెరికా ప్రభుత్వానికి లేఖ రాశారు. అయినా ఒప్పందం ఆ నెలాఖరున మరో ఆరేళ్ళకి కొనసాగింది. డాట్ కామ్ పేర్లు 15 కోట్లకు పైనే. ఒక్క డాలరు పెరిగితే ఏడాదికి 15 కోట్ల డాలర్లు. ఆ డాలరు కోసం కొత్తగా చేయాల్సిన పని ఏమీ లేదు.

డాట్ ఇన్‌ని చూడండి. అక్కడ యజమాని నిక్సీయే, సాంకేతిక పని మాత్రం టెండరు మీద ఇస్తారు. మొదట్లో అఫీలియాస్ చేసేది, 2018 టెండరులో న్యూస్టార్ తక్కువ కోట్ చేసి గెలిచింది, ఆ తర్వాత ఆ పని టూకోస్‌కి వెళ్ళింది. న్యూస్టార్ కోట్ చేసింది డొమైన్‌కి డాలరు లోపే. ఒక పేరుని రిజిస్ట్రీలో ఏడాది నిలబెట్టడానికి అసలు ఎంత ఖర్చవుతుందో దాన్నిబట్టి అర్థమవుతుంది. ఈ రంగంలో పోటీ పెట్టాల్సిన చోటు అది, టెండరులో.

బీటీఎం డీఎన్ఎస్

అన్నా, 38 రోజులంటే ట్రాన్స్‌ఫర్‌కి చాలినంత సమయమే, కానీ ఈ వారమే మొదలుపెట్టాలి. డాట్ కామ్ ట్రాన్స్‌ఫర్ రుసుములోనే ఒక ఏడాది రెన్యువల్ కలిసి ఉంటుంది, ఉన్న గడువు మీద ఏడాది చేరుతుంది. డబ్బు రెండుసార్లు పోదు.

ముందు పేరు మార్పిడి సంగతి. డొమైన్ మీ పేరున ఉండి, మెస్సు యజమాని పేరుకి మార్చాలనుకుంటే ఇప్పుడు ముట్టుకోకండి. యజమాని పేరు, సంస్థ పేరు, మెయిల్ మారిస్తే 60 రోజుల ట్రాన్స్‌ఫర్ లాక్ పడొచ్చు. 38 రోజుల గడువు ఉన్నవాళ్ళు ఇరుక్కునేది ఇక్కడే. ట్రాన్స్‌ఫర్ అయ్యాక కొత్త చోట పేరు మార్చుకోండి. కొత్తగా కొన్న డొమైన్‌కి, ఇటీవల ట్రాన్స్‌ఫర్ అయినదానికి కూడా మొదటి 60 రోజులు కదలిక ఉండదు.

తర్వాత డీఎన్ఎస్, అంటే డొమైన్ పేరుని సైటుకీ మెయిల్‌కీ కలిపే ఏర్పాటు. పాత రిజిస్ట్రార్ ఇచ్చిన ఉచిత నేమ్‌సర్వర్లు వాడుతుంటే, డొమైన్ వెళ్ళిపోగానే వాళ్ళు రికార్డులు తీసేయొచ్చు. సైటు పడిపోతే అందరికీ కనిపిస్తుంది. మెయిల్ ఆగిపోతే రెండు రోజుల దాకా ఎవరికీ తెలియదు. అందుకని ట్రాన్స్‌ఫర్‌కి ముందే కొత్త చోట డీఎన్ఎస్ జోన్ తయారుచేసి ఏ, సీనేమ్, ఎమ్ఎక్స్, టీఎక్స్‌టీ రికార్డులన్నీ (సైటు, మెయిల్ ఎక్కడున్నాయో చెప్పే వివరాలు) ఎక్కించండి, నేమ్‌సర్వర్లు మార్చండి, రెండు రోజులు ఆగి సైటూ మెయిలూ చూసుకుని అప్పుడు డొమైన్ కదిలించండి. డీకిమ్ (మెయిల్ మీ డొమైన్ నుంచే వచ్చిందని చూపే సంతకం) రికార్డు దగ్గర జాగ్రత్త. 2048 బిట్ల కీ ఒక టీఎక్స్‌టీ ముక్కలో పట్టదు, ఒక ముక్క 255 అక్షరాలే. పాత ప్యానెల్ దాన్ని రెండు కొటేషన్ ముక్కలుగా చూపిస్తుంది. కాపీ చేసేటప్పుడు మధ్యలో ఉన్న కొటేషన్ గుర్తులు, ఖాళీ కీలో కలిసిపోయినా, రెండో ముక్క తెగిపోయినా సంతకం తప్పుతుంది, మీ మెస్సు పంపే బిల్లులు అవతల స్పామ్‌లో పడతాయి. డీఎన్ఎస్‌సెక్ (డీఎన్ఎస్ జవాబులు అసలువేనని సంతకంతో సరిచూసే రక్షణ) ఆన్‌లో ఉంటే నేమ్‌సర్వర్లు మార్చే ముందే డీఎస్ రికార్డు తీసేసి ఒక రోజు ఆగండి. లేకపోతే సైటు కొందరికి తెరుచుకుంటుంది, కొందరికి తెరుచుకోదు, కారణం పట్టుకోవడం కష్టం.

ఇవయ్యాక లాక్ తీసి ఆథ్ కోడ్ (డొమైన్ మార్చడానికి కావాల్సిన రహస్య కోడ్) అడగండి. ప్యానెల్‌లో దొరక్కపోతే అడిగిన 5 రోజుల్లో వాళ్ళు ఇవ్వాలి, ఇది ఐకాన్ నియమం. కోడ్ కొత్త చోట ఇచ్చాక పాతవాళ్ళు అడ్డు చెప్పకపోతే 5 రోజులకి దానంతట అదే పూర్తవుతుంది. రెన్యువల్ ఖరీదు ఎక్కువని వెళ్ళిపోతున్నారన్నది ఆపడానికి కారణం కాదు.

గడువు దాటాక ట్రాన్స్‌ఫర్ చేద్దాం అనుకోవద్దు. గడువు దాటాక పాత చోట రెన్యువల్ కట్టేసి, గడువు తేదీ నుంచి 45 రోజుల్లోపు మారితే ఆ కట్టిన ఏడాది రద్దయి, ట్రాన్స్‌ఫర్‌తో వచ్చిన ఏడాదే మిగులుతుంది. పాత డబ్బు తిరిగి రాదు చాలాచోట్ల. గడువు దాటి, రిజిస్ట్రార్ డొమైన్‌ని తొలగిస్తే 30 రోజుల రిడెంప్షన్ (పేరుని వెనక్కి తెచ్చుకునే గడువు) మొదలవుతుంది. అక్కడ రెన్యువల్‌కి తోడు విడిగా పెద్ద రుసుము. ఆ తర్వాత 5 రోజులు ఎవరూ ఏమీ చేయలేరు, ఆపైన పేరు ఎవరికైనా దక్కుతుంది.

కోరమంగళ లెక్కలు

డబ్బు వైపు రెండు మాటలు. ఆటో రెన్యువల్ పెట్టాం కదా అని ధీమాగా ఉండకండి. 2021 అక్టోబర్ 1 నుంచి రిజర్వ్ బ్యాంకు ఈ-మ్యాండేట్ (కార్డు నుంచి దానంతట అదే డబ్బు తీసుకోవడానికి మీరిచ్చే అనుమతి) నియమాలు అమల్లో ఉన్నాయి. మ్యాండేట్ నమోదై ఉండాలి, 24 గంటల ముందు మీకు సమాచారం రావాలి, ₹15,000 దాటితే ఓటీపీ కావాలి. దీన్ని అమర్చుకోని విదేశీ రిజిస్ట్రార్లు మన కార్డు మీద ఆటో డెబిట్ కొడితే బ్యాంకు తిప్పికొడుతుంది. వాళ్ళ ప్యానెల్‌లో మాత్రం ఆటో రెన్యువల్ ఆన్ అని పచ్చగా కనిపిస్తూనే ఉంటుంది. గడువుకి నెల ముందు ఖాతాలో బ్యాలెన్స్ వేసి ఉంచడమో, చేత్తో కట్టేయడమో చేయండి.

ధరలు పోల్చేటప్పుడు డాలరు ధరకి కార్డు విదేశీ మారకం రుసుము, జీఎస్టీ కలిపి చూడండి. జీఎస్టీ నంబరు ఇవ్వకపోతే విదేశీ కంపెనీ తనే 18 శాతం వసూలు చేస్తుంది. నంబరు ఇస్తే రివర్స్ చార్జ్ కింద మీరు కట్టి, అర్హత ఉంటే ఆ పన్నుకి క్రెడిట్ తీసుకోవచ్చు. మెస్సు కాంపొజిషన్ స్కీములో ఉంటే క్రెడిట్ రాదు, 18 శాతం ఖర్చు కిందే రాసుకోవాలి.

ఫిర్యాదు: ధర ఎక్కువ అంటే ఐకాన్ తీసుకోదు. ఆథ్ కోడ్ ఇవ్వలేదు, ట్రాన్స్‌ఫర్ అకారణంగా ఆపారు, గడువుకి నెల ముందు, వారం ముందు రావాల్సిన రెన్యువల్ మెయిళ్ళు పంపలేదు, రెన్యువల్ రుసుము, రిడెంప్షన్ రుసుము సైటులో పెట్టలేదు, ఇలాంటివైతే తీసుకుంటుంది. కార్టులో చేరిపోయిన ₹499 మాత్రం ఇక్కడి చట్టం పరిధిలోది. 2023 నవంబర్ 30 నాటి డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్ళని మభ్యపెట్టే వెబ్‌సైటు ఎత్తులు) మార్గదర్శకాల్లో 13 రకాలు చెప్పారు. అడగని వస్తువు కార్టులో వేయడం, ధరలో ఒక్కో ముక్కా చివరి దాకా దాచడం రెండూ అందులో ఉన్నాయి. కార్టు స్క్రీన్‌షాటు తేదీ కనబడేలా, బిల్లు పీడీఎఫ్, మీరు రాసిన మెయిల్ సిద్ధం చేసుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.

అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం కంపెనీ ఎక్కడున్నా మీరు ఉండే బెంగళూరులోనే వేయొచ్చు, ₹5 లక్షల లోపు అయితే రుసుము లేదు. కానీ ఫిర్యాదు మీ పేరున వేయకండి. వ్యాపారానికి కొన్నవాళ్ళు వినియోగదారులు కారని అవతలివాళ్ళు మొదటి రోజే అంటారు. సొంత జీవనోపాధి కోసం కొన్నవాళ్ళకి చట్టంలో మినహాయింపు ఉంది. మెస్సు నడిపే మనిషి తన పేరున వేస్తే నిలబడే అవకాశం ఎక్కువ.

మారతహళ్ళి వెబ్‌పని

అందరికీ ధన్యవాదాలు. డ్యాన్స్ స్కూలు ఎక్స్‌టెన్షన్‌ని వేరే ఐదు చోట్ల చూశాను, అన్నిచోట్లా ₹3,000 పైనే. అంటే రిజిస్ట్రీ పెంచిందే. డాట్ ఇన్ పేర్ల పక్కన కూడా ప్రైవసీ ₹499 ఉంది, తీసేశాను, స్క్రీన్‌షాటు దాచాను. ఇంకొక్క సందేహం. 2026 అక్టోబర్ తర్వాత పెరుగుతుందంటున్నారు కాబట్టి డాట్ కామ్‌లన్నీ పదేళ్ళకి కట్టేయమంటారా? ఆ రిజిస్ట్రార్ మధ్యలో మూతపడితే?

రాజాజీనగర్ రూట్‌జోన్

కట్టిన ఏళ్ళు నమోదయ్యేది రిజిస్ట్రీలో. రిజిస్ట్రార్ మూతపడితే ఐకాన్ ఆ డొమైన్లని ఇంకో రిజిస్ట్రార్‌కి అప్పగిస్తుంది, గడువు తేదీ అలాగే ఉంటుంది. అయితే కొందరు ఐదేళ్ళ డబ్బు తీసుకుని రిజిస్ట్రీకి ఏడాదేడాదికి కడతారు. అప్పుడు మూతపడితే మీ నాలుగేళ్ళు గోవిందా. అందుకని డబ్బు కట్టిన రోజే ఐకాన్ లుకప్ పేజీలో డొమైన్ పేరు కొట్టి, రిజిస్ట్రీ ఎక్స్‌పైరీ తేదీ నిజంగా ముందుకి జరిగిందో లేదో చూడండి. రిజిస్ట్రార్ ప్యానెల్‌లో కనిపించే తేదీని నమ్మొద్దు.

ఆరింటికీ పదేళ్ళు అనవసరం. గడువు ఇప్పటి నుంచి పదేళ్ళు మించకూడదన్నది ఎలాగూ నియమం. బోర్డుల మీదా మెయిళ్ళలోనూ పాతుకుపోయిన రెండు మూడు పేర్లకి ఐదేళ్ళు కట్టండి, మిగతావి ఏడాదికి చాలు. మెస్సులు చేతులు మారుతుంటాయి. వెరిసైన్ ఆరు నెలల ముందు నోటీసు ఇవ్వాలి, అది వార్తల్లో వస్తుంది, మిగతావాటికి అప్పుడు నిర్ణయించుకునే టైముంటుంది. డ్యాన్స్ స్కూలుకి మాత్రం ఇవాళే ఒక డాట్ ఇన్ కొని, రెండు పేర్లూ ఒకే సైటుకి వెళ్ళేలా పెట్టండి. కొత్త పాంప్లెట్లన్నీ డాట్ ఇన్‌తోనే అచ్చు వేయించండి. పాతది ఇంకో మూడేళ్ళు ఉంచి, దానికి వచ్చే మెయిళ్ళు పూర్తిగా ఆగాకే వదలండి.

బీటీఎం డీఎన్ఎస్

పాత పేరు నుంచి కొత్తదానికి దారి మళ్ళించేటప్పుడు 301 (శాశ్వత మళ్ళింపు) పెట్టండి, 302 (తాత్కాలికం) కాదు. పాత డొమైన్‌కి కూడా ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ ఆ మూడేళ్ళూ రెన్యూ అవుతుండాలి. లేకపోతే హెచ్‌టీటీపీఎస్ లింకు నొక్కినవాళ్ళకి ముందు హెచ్చరిక పేజీ వస్తుంది, మళ్ళింపు దాకా వెళ్ళనే వెళ్ళరు.